చంద్రుడు యాభై నిమిషాలు ఆలస్యం

కుళాయి నీళ్లు ఆరింటికి రావాలి. ఆ వేళ ఆరూ పదమూడుకి వచ్చాయి. వచ్చినవైనా తిన్నగా రాక, ముందు దగ్గి, తర్వాత బుసకొట్టి, బకెట్టు అడుగు తడిపి ఊరుకున్నాయి. రైల్వేలో ముప్పై రెండేళ్లు టైమ్‌టేబుళ్లు తయారుచేసి రిటైరైన మనిషికి ఇలాంటివి ఒంటికి పడవు. ఆయన చిన్న నోటుబుక్కు తీసి, "కుళాయి, పదమూడు నిమిషాలు లేటు" అని రాసుకున్నారు. పాలకీ, పేపరుకీ, ఎదురింటాయన పొద్దుటి తుమ్ముకీ అందులో తలా ఒక పేజీ ఉంది. వీధిలో అందరూ ఆయన్ని టైమ్‌టేబుల్‌గారు అంటారు. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు గానీ, ఆయన దాన్ని బిరుదుగా పుచ్చుకునేసరికి నిరాశపడి, మర్యాదగా పిలవడం మొదలుపెట్టారు.

ఆయన భార్య రెండు వీధుల అవతల హైస్కూల్లో సైన్సు టీచరు. ఆ స్కూల్లో సైన్సు ల్యాబంటే ఆటల గదిలో ఒక బీరువా. గాజు పరీక్షనాళికలు ఫుట్‌బాళ్ల కింద కాపురం చేస్తుంటాయి. ఒక్క గది ఇప్పించమని తొమ్మిదేళ్లుగా ఆవిడ అర్జీలు పెడుతోంది. చివరికి ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరమ్మ స్వయంగా వచ్చి పాఠం చూస్తానంది. పాఠం నచ్చితే గది, లేకపోతే ఫుట్‌బాళ్లు. టీచరమ్మ పిల్లల్ని స్కూలు మేడమీదికి తీసుకెళ్లి పున్నమి చంద్రోదయం చూపించాలని పథకం వేసింది. చంద్రుడు ఎన్నింటికి వస్తాడో చూద్దామని ఫోను తీసింది.

టైమ్‌టేబుల్‌గారి మనసు చివుక్కుమంది. తాను ఇంట్లో ఉండగా టైము ఫోన్‌ని అడగడమా? గోడమీది క్యాలెండరు దగ్గరికెళ్లి, కళ్లద్దాలు సవరించుకుని, "ఐదూ నలభై రెండు" అన్నారు.

"ఆరున్నర దాకా ఎండ కాస్తోంది కదండీ."

"కాస్తే కాయనీ. ఆయన దిగేది పడమటి ప్లాట్‌ఫారం. ఈయన ఎక్కేది తూర్పు ప్లాట్‌ఫారం. ఒకరి గొడవ ఒకరికెందుకు?"

సైన్సు చదివిన ఆవిడకి ఇందులో ఏదో తేడా తోచింది. కానీ ఆయనతో వాదన మొదలైతే నలభై నిమిషాలకు తక్కువ కాదని పాతికేళ్ల అనుభవం చెప్పింది. స్కూలు గంట పది నిమిషాల్లో ఉంది. సరేనని వెళ్లిపోయింది.

ఐదున్నరకల్లా మేడమీద ముప్పై ఒక్కమంది పిల్లలు, హెడ్మాస్టారు, కుర్చీలో ఇన్‌స్పెక్టరమ్మ. టైము చెప్పినవాడు టైముకి ఉండాలని ఇస్త్రీ చొక్కాతో టైమ్‌టేబుల్‌గారూ హాజరయ్యారు. ఎండ మాడు పగలగొడుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ నెత్తిన ఫైలు పెట్టుకుంది. ఐదూ నలభై రెండు అయింది. యాభై అయింది. ఆకాశంలో సూర్యుడు తప్ప ఎవరూ లేరు.

హెడ్మాస్టారు గుసగుసగా, ఇవాళ్టికి చంద్రుడు రద్దయ్యాడేమో కనుక్కోమన్నారు. ఆ మాటతో టైమ్‌టేబుల్‌గారిలో పాత ఉద్యోగి లేచి కూర్చున్నాడు. ప్రార్థన కోసం పెట్టిన మైకు అందుకున్నారు.

"ప్రయాణికులకు గమనిక. చంద్రుడు పదిహేను నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాడు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

మైకు గొట్టం వీధివైపు తిరిగి ఉంది. చంద్రుడు లేటన్న వార్త దర్జీ కొట్టు దాకా వెళ్లేసరికి చంద్రుడు రావడం లేదన్న వార్తయింది. మందుల షాపు దాటేసరికి ఇక ఎప్పుడూ రాడట అయింది. దర్జీ మెడలో టేపుతోనే మేడెక్కాడు. వెనకాలే సగం వీధి ఎక్కింది. ఎవరో తూర్పున ఉన్న ఆరంతస్తుల బిల్డింగుమీద తెల్లటి డిష్షుని చూపించి, అదిగో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ టైము రాసుకుంది, కళ్లు చికిలించి చూసింది, కొట్టేసింది. మైకులో ఆలస్యం ముప్పై నిమిషాలైంది, నలభై ఐదైంది. ఆరున్నరకి ఆవిడ లేచి, తనకి బస్సుందనీ, పొద్దున్న వచ్చి రిపోర్టు రాస్తాననీ చెప్పి మెట్లు దిగింది. ఆ గొంతు విన్నాక పరీక్షనాళికలు ఫుట్‌బాళ్ల కిందే ముసలివైపోతాయని టీచరమ్మకి అర్థమైంది. పిల్లలతో నీరసంగా, "ఇళ్లకి పోయి చూసుకోండర్రా. ఎన్నింటికి కనబడ్డాడో రాసుకురండి" అంది.

దంపతులు ఇంటికి నడుస్తుంటే, ఏడూ ఎనిమిదికి, రెండు బిల్డింగుల సందులోంచి నిండుచంద్రుడు తొంగిచూశాడు.

"వచ్చాడు" అన్నారు ఆయన వాచీ చూసుకుంటూ.

"మీరు నాతో మాట్లాడకండి. ఆయనతోనూ మాట్లాడకండి."

మర్నాడు తప్పు తన మీద వేసుకుందామని ఆయన క్యాలెండరు చంకన పెట్టుకుని స్కూలుకెళ్లారు. ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే పిల్లల నోటుబుక్కులు తిరగేస్తోంది. చెరువుగట్టు మీదుండే పిల్ల ఆరూ ముప్పై ఆరుకే చూసింది. బిల్డింగు వెనకాల ఇంటివాడు ఏడుంబావుకి, ఇరుకుసందులో వాడు ఎనిమిదికి. ఒక పిల్ల మాత్రం తూర్పున ఎక్కడో ఉన్న పిన్నికి ఫోను చేసి అడిగి, "ఐదూ నలభై రెండు, మా పిన్ని" అని ఊరి పేరుతో సహా రాసింది. టైమ్‌టేబుల్‌గారు గబగబా క్యాలెండరు తిరగేశారు. అడుగున చీమతలంత అక్షరాల్లో అది అచ్చయిన ఊరుంది. పిన్నిగారి ఊరే. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం.

"అక్కడ కనబడ్డ టైముకే ఇక్కడా కనబడతాడా సార్? మీ రైళ్లు అలాగే నడిచేవా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఊరూరికీ వేరే టైములు వేస్తూ జీవితం గడిపిన ఆయన క్యాలెండరు మడిచి మళ్లీ చంకన పెట్టుకున్నారు. ఆవిడ నవ్వింది. కావాలని తప్పు టైమిచ్చి, పిల్లల చేతే ఆ తప్పు పట్టించి, చోటుని బట్టి చంద్రోదయం మారుతుందని నేర్పిన టీచరుని తన సర్వీసులో చూడలేదంది. టీచరమ్మ నిజం చెప్పబోయింది. హెడ్మాస్టారు పెద్దగా దగ్గారు. గది మంజూరైంది.

అక్కడితో ఆగితే బాగుండేది. వచ్చే పున్నమికి చుట్టుపక్కల నలభై మూడు స్కూళ్లలోనూ ఇదే పాఠం జరగాలని ఆర్డరొచ్చింది. ఒక్కో స్కూలుకీ నమ్మేలా ఉండే తప్పు టైము తయారుచేసి సంతకం పెట్టే బాధ్యత టైమ్‌టేబుల్‌గారిది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పు టైము రాయని చెయ్యి ఇప్పుడు రాసిందల్లా కొట్టేస్తోంది. రెండు స్కూళ్లకి పొరపాటున సరైన టైమే పడింది. "అవి కూడా తప్పేనండీ, మళ్లీ రాయండి" అని భార్య పక్కనే కూర్చుని దిద్దిస్తోంది. నిజాయితీగా తప్పు రాయడం ఎలాగో పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే దయచేసి వెంటనే కబురు చెయ్యండి. చంద్రుడు వచ్చేది ఊరికో టైముకైనా, పున్నమి మాత్రం నలభై మూడు స్కూళ్లకీ ఒకే రోజున వచ్చి పడుతోంది.