మధ్యరకం జట్ల జోస్యశాల

మానవజాతి తన భవిష్యత్తును ముందే తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నాలన్నింటిలో శిఖరప్రాయమైనది మంచు హాకీలో మధ్యరకం జట్ల జోస్యమనీ, ఆ శాస్త్రానికి ప్రపంచ కేంద్రం అనంతపురమనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. (అనంతపురం వాళ్లకు కూడా ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది.)

అమెరికా, కెనడాల్లో మంచు మీద జారుతూ కర్రలతో ఆడే ఈ ఆటకు ముప్పైకి పైగా పెద్ద జట్లున్నాయి. రాబోయే సీజన్‌లో ఏ జట్టు ఏం వెలగబెడుతుందో అక్కడి అభిమానులకు ముందే చదువుకోవాలని ఉంటుంది. ఆ రాతపనిని గుత్తకు తీసుకున్న కంపెనీ దాన్ని చాలా న్యాయంగా పంచింది. గెలిచే జట్లు బెంగుళూరు ఆఫీసుకు. ఓడే జట్లు హైదరాబాదుకు (అక్కడ ఓదార్పు విభాగం ప్రత్యేకంగా ఉంది). అటూ ఇటూ కాని జట్లు అనంతపురానికి. వస్తుందో రాదో తేలని దానికోసం ఏళ్ల తరబడి తలెత్తి చూడగలిగిన అభ్యర్థులు ఈ జిల్లాలో కావలసినంతమంది దొరుకుతారని కంపెనీ సర్వేలో తేలిందట.

ఆఫీసు బోరు మోటార్లు బాగుచేసే అంగడి పైన ఉంది. కొత్తగా చేరినవాళ్లను శిక్షణలో భాగంగా టవర్ క్లాక్ దగ్గరి చెరుకురసం బండి వద్దకు తీసుకెళ్లి, గోనెసంచి ఎత్తి, మంచు చూపిస్తారు. తాకడం ఐచ్ఛికం. ఆ తరువాత పరీక్ష ఉంటుంది.

ఆ పరీక్షలో మొదటి స్థానంలో నిలిచినది శింగనమల పక్క పల్లె నుంచి వచ్చిన కృపాకుమారి. నియమావళి ఆమెకు కంఠతా వచ్చు. మధ్యరకం జట్టు గెలుస్తుందని రాయరాదు. ఓడుతుందని రాయడం అంతకన్నా పెద్ద నేరం. ప్రతి వాక్యంలోనూ ఒక ‘అయితే’ గాని, ‘ఒకవేళ’ గాని, ‘పరిస్థితులు అనుకూలిస్తే’ గాని విధిగా ఉండాలి. మూడూ ఉంటే ప్రోత్సాహకం. ముసలి గోల్‌కీపర్ మోకాలు సహకరిస్తే, కుర్రాళ్లు పుంజుకుంటే, పక్క జట్లు తడబడితే ఆశలను కొట్టిపారేయలేమని ఆమె రాస్తే మేనేజరు విష్ణువర్ధన్ చదివి పొంగిపోయేవాడు.

“ఏం రాసినావమ్మా! మొత్తం చదివినా ఒక్క ముక్క అర్థం కాల్యా. ఇదీ పనంటే!”

ఇంత పనిమంతురాలూ ఇంకా తాత్కాలిక ఉద్యోగే. పర్మినెంటు చేసే విషయం పరిశీలనలో ఉందని, అవకాశాలను కొట్టిపారేయలేమని ఆమెకు ఏటా ఉత్తరం వస్తూ ఉంటుంది. (ఆ ఉత్తరం కూడా అనంతపురం ఆఫీసులోనే తయారవుతుంది.)

ఇక్కడొక చిక్కుంది. మంచు హాకీ సీజన్ అక్టోబరులో మొదలవుతుంది గనుక జోస్యాలు రాసే కాలం జూన్, జూలై. మెట్ట పొలాల్లో వేరుశనగ విత్తే కాలమూ అదే. రెండు శాఖలూ ఒకే అదునులో పనిచేస్తున్నా వాటి మధ్య సమన్వయం లేదు.

కృపాకుమారి తండ్రి పుల్లన్నకు వానమీద ఆధారపడిన నాలుగెకరాలున్నాయి. వరసగా పంటలు పోయాయి. ఇంట్లో మిగిలినవి నాలుగు మేకలూ, విత్తనానికని దాచిన కాయల మూటలూ మాత్రమే. ఆ కాయలు అమ్ముకుంటే ఏడాదికి తిండికి లోటుండదు. భూమిలో పోస్తే, ఆపైన వాన దయ. కూతురు చేసేది జోస్యాల కొలువని తెలిసిన దగ్గర్నుంచి ఆయన ఆమెను అడగందే విత్తే గొర్రు కట్టడం మానేశాడు. చదువుకున్న జోస్యురాలు ఇంట్లో ఉండగా ఇంకొకరిని అడగడం ఆయనకు నామోషీ.

నిరుడు జూలైలో ఆయన ఫోన్ చేసేసరికి కృపాకుమారి లేక్‌ఫోర్డ్ బేర్స్ అనే జట్టు జోస్యానికి చివరి పేరా రాస్తోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. చేతులు కంప్యూటరు మీద ఉన్నాయి.

“అమ్మా కృపా, నిన్న రొన్ని చినుకులు పడినాయి. బెత్తెడంత పదునైంది. గొర్రు కట్టేదా, వద్దా?”

ఆ చినుకులను నమ్ముకోవద్దని, మూటలు విప్పొద్దని గట్టిగా చెప్పేయాలని ఆమె వారం నుంచీ అనుకుంటోంది. మాట సిద్ధంగానే ఉంది. అయితే నాలుకకు ఆఫీసు అలవాటయింది, మనసులోది చేతుల్లోకి దిగింది. నోరు తండ్రితో ఇలా అంది:

“పరిస్థితులు అనుకూలిస్తే ఆశలు కొట్టిపారేయలేం నాయనా. ఒకవేళ ఆగస్టు పుంజుకుంటే మోస్తరుగా రాణించొచ్చు.”

అదే నిమిషంలో వేళ్లు లేక్‌ఫోర్డ్ అభిమానులకు ఇలా రాశాయి: ‘ఈ ఏడు ఏమీ రాదు. ఉన్నది పోగొట్టుకోకండి. ఇంట్లో కూర్చోండి.’

పొరపాటు తెలిసేసరికి బేర్స్ జోస్యం సముద్రాలు దాటిపోయింది. ఒకసారి వెళ్లిన జోస్యాన్ని దిద్దకూడదు (దిద్దితే ముందే తెలియదని తెలిసిపోతుంది). కృపాకుమారి ఇంటికి ఫోన్ చేసింది. తల్లి నల్లమ్మ ఎత్తింది.

“మీ నాయన యాడుండాడు? నీ మాట ఇనంగానే కాయలు వలిచేకి మనుషుల్ని పిల్చుకొచ్చినాడు. పాట గూడా పాడతాండాడు మే. ఎన్నేండ్లయిందో ఆయప్ప పాడి!”

ఆ పాట ఫోన్లో వినబడింది.  ఆపమని చెప్పకుండానే కృపాకుమారి ఫోన్ పెట్టేసింది. అది పిరికితనమని ఆమెకు అప్పుడే తెలుసు.

మొక్క బాగానే లేచింది. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చెట్టు పెరికితే రెండు కాయలు, అందులో ఒకటి లొట్ట. మూటలు మూటలుగా పోసినవాడికి పశువులు తినే కట్టె మిగిలింది. కృపాకుమారి తిట్లు తినడానికి సిద్ధపడి ఫోన్ చేసింది.

“నువ్వేం చేస్తావు తల్లీ,” అన్నాడు పుల్లన్న. “నువ్వు సక్కగా చెప్పినావు. పరిస్థితులు అనుకూలిస్తే అన్న్యావు. అవి అనుకూలించలా. నీ మాట యాడా తప్పలేదు.”

ఆ మాటలో వెటకారం లేదు. ఉండి ఉంటే ఆమె ఆ రోజు అన్నం తినగలిగేది.

సీజన్ ముగిసిన ఏప్రిల్‌లో అసలు ప్రమాదం జరిగింది. లేక్‌ఫోర్డ్ బేర్స్‌కు నిజంగానే ఏమీ రాలేదు. జోస్యం అక్షరాలా ఫలించింది. కృతజ్ఞతలు చెబుతూ అభిమానుల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒకాయన సీజన్ టికెట్టు కొనకుండా ఇంట్లో కూర్చుని, పిల్లలతో కాలక్షేపం చేశానని రాశాడు. కంపెనీ చరిత్రలో ఇలాంటి మచ్చ లేదు. విచారణకు బెంగుళూరు నుంచి అస్పష్టతా పరిరక్షణాధికారిణి పద్మప్రియ స్వయంగా వచ్చారు.

“ఒక జోస్యం నిజమైతే మిగతావాటి గతి ఏమిటి?” అని ఆమె అడిగారు. “రేపటినుంచి పాఠకులు పోల్చి చూడటం మొదలుపెట్టరా?”

విష్ణువర్ధన్ కళ్లొత్తుకున్నాడు. “మంచి పిల్ల మేడమ్. ఇట్ల చేస్తాదని అనుకోల్యా.”

కృపాకుమారి జరిగినది దాచకుండా చెప్పింది. బేర్స్‌కు చెప్పింది నాయనకు చెప్పాల్సిన మాట అని, నాయనకు చెప్పింది బేర్స్‌కు రాయాల్సిన మాట అని.

“మీ నాయనకు ఏమన్నారో అదే మాట మళ్లీ చెప్పండి.”

చెప్పింది. పద్మప్రియ కళ్లు మూసుకుని విన్నారు.

“పంట?”

“పోయింది మేడమ్.”

“మరి ఆయన ఫిర్యాదు చేశారా?”

“లేదు మేడమ్. నా మాట యాడా తప్పలేదన్నాడు.”

పద్మప్రియ కుర్చీలోంచి లేచారు. సర్వస్వం పోయిన తరువాత కూడా వినియోగదారుడు పూర్తి సంతృప్తి వెలిబుచ్చడం తన సర్వీసులో చూడలేదని ఫైలులో రాశారు. బేర్స్ విషయంలో మందలించి, వేరుశనగ విషయంలో మెచ్చుకుని, రెండూ కలిపి చూస్తే ఈ ఉద్యోగిని మొత్తంమీద నియమాలకు కట్టుబడినట్టేనని తేల్చి, అక్కడికక్కడే పర్మినెంటు చేశారు. విష్ణువర్ధన్ అందరికీ చెరుకురసం తెప్పించాడు. మంచు ఎక్కువ వేయించాడు. కృపాకుమారి గ్లాసు ముట్టలేదు.

ఈ జూన్‌లో ఆమె ఫోన్‌ను నమ్మదలచుకోలేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఇంటికి పోయింది. పుల్లన్న వసారాలో కూర్చుని కాయలు వలుస్తున్నాడు. మళ్లీ విత్తనం ఎలా సంపాదించాడో అడగాల్సిన పని లేకపోయింది; వాకిట్లో మేకల్ని కట్టే గుంజ ఉత్తగా నిలబడి ఉంది.

ఆమె చెప్పులు కూడా విప్పకుండా ఆయన ముందు కూర్చుని చెయ్యి పట్టుకుంది.

“ఇత్తొద్దు నాయనా. ఈ ఏడు ఏమీ రాదు. ఉన్నది పోగొట్టుకోవద్దు. కాయలు అమ్మేయ్.”

పుల్లన్న కూతురి మొహంలోకి చూశాడు. జాలి పడ్డాడు. తరువాత ఒళ్లో పొట్టు దులుపుకుని లేచి, గొర్రు భుజానికెత్తుకుంటూ భార్యను పిలిచాడు.

“ఇన్న్యావా నల్లమ్మా? పోయినేడు ఎంత బాగ చెప్పింది! ఇట్లయితే ఇట్ల, అట్లయితే అట్ల అని ఎంత ఇవరంగా చెప్పింది! ఇప్పుడు సూడు, ఒక్క ముక్కలో తేల్చి పారేస్తాంది. పర్మినెంటు చేసేస్తే ఎవురికైనా ఇంతే, పని మింద శ్రద్ధ ఉండదు.”