తేలికవి రెండు

ఆ శనివారం పొద్దున సాపర్‌బెక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పలావుకి క్యారెట్ తెస్తానని సంచీ పట్టుకుని బయటపడాలి, దారిలో అయ్‌పెరి దుకాణం దగ్గర ఆగాలి. సిగరెట్లు మానేస్తానని భార్య గుల్‌సున్‌కి మాటిచ్చాడు. మానేశాడు కూడా, ఘాటైనవి. ఇప్పుడు తాగేవి సన్నటి పుదీనా లైట్లు. వాటిని కూడా సిగరెట్లలో జమకట్టడం అతనికి అన్యాయంగా తోచేది.

బాల్కనీలోకి వెళ్లి అయ్‌పెరికి ఫోన్లో గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, నా ల్యోగ్కియే పూర్తిగా అయిపోయాయి. కొత్తవి రెండు తీసిపెట్టు. ఇంట్లో మాత్రం తెలియకూడదు."

బిష్కెక్‌లో కిర్గిజ్ మాట్లాడుతూ మధ్యలో రష్యన్ దొర్లించడం అందరికీ అలవాటే. ఆ రష్యన్‌లో తేలిక సిగరెట్లనీ ల్యోగ్కియే అంటారు, ఊపిరితిత్తులనీ ల్యోగ్కియే అంటారు. తలుపు వెనక దుప్పట్లు మడతపెడుతున్న అత్తగారు బురుల్ జన్మలో సిగరెట్ ముట్టి ఎరగదు. ఆవిడకి రెండో అర్థమే తెలుసు.

అతను బూట్లు తొడుక్కునేలోగా కబురు వంటింటికి, అక్కణ్ణుంచి పై అంతస్తుకి చేరిపోయింది. పైన ఉండే బావమరిది మెలిస్ చొక్కా గుండీలు విప్పుకుంటూ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"రెండూ బయట కొనుక్కోవడమేంటి బావా? నేను చచ్చానా? నాదొకటి తీసుకో. మిగతాదాంతో నేను సర్దుకుంటాలే."

"నీదొకటేంటి?"

"ఇంకా దాస్తావేంటి? అమ్మ అంతా వింది."

సాపర్‌బెక్ తన సిగరెట్ల గుట్టు బయటపడిందనుకున్నాడు. "ఉత్త ల్యోగ్కియే కోసం ఇంత గొడవెందుకురా?"

"ఉత్త ల్యోగ్కియేనట!" అంటూ బురుల్ గోడకి చేరగిలబడి ఏడ్చింది.

ఈలోగా ఎదురింటావిడ పులిసిన గుర్రం పాలు తెచ్చి, ఊపిరితిత్తులకి దీన్ని మించిన మందు లేదని దగ్గరుండి తాగించింది. రెండో గిన్నె సగంలో ఉండగా అతనికి విషయం బోధపడింది. నిజం చెబితే మాట తప్పినవాడవుతాడు. గుల్‌సున్ ముఖం చూశాక, దానికంటే చావుబతుకుల్లో ఉండటమే క్షేమమనిపించింది. ఆసుపత్రిలో ఏమీ లేదంటారు, గండం గడుస్తుందనుకుని కారెక్కాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగులో పెట్టి ఒకచోట వేలు ఆనించింది.

"ఇక్కడొక మచ్చ ఉంది. ఏం తాగుతారు మీరు?"

"ల్యోగ్కియే," అన్నాడు సాపర్‌బెక్ నేల చూస్తూ. "పుదీనావి. అవేం చెయ్యవంటారుగా?"

"పేరే తేలిక. తేలికే కదా అని జనం ఇంకా లోతుగా పీలుస్తారు. పుదీనా చల్లదనానికి గొంతు మంట తెలియదు. మంట పుట్టి దగ్గొస్తే మీరే ఎప్పుడో వచ్చుండేవారు."

గుల్‌సున్ అతని జేబులోంచి లైటర్ తీసి డాక్టరమ్మ చెత్తబుట్టలో పడేసి, అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మచ్చ కోసి తీసేశారు. ఇంకా ముదరకముందే దొరికింది కాబట్టి బతికిపోయావన్నారు. ఇంటికొచ్చాక బురుల్ మంచం పక్కన కూర్చుని మాంసం చారు చల్లార్చి పట్టిస్తూ మెల్లిగా అడిగింది.

"అయితే ఆ రోజు నేను తప్పు విన్నానన్నమాట, అల్లుడూ."

సాపర్‌బెక్ ఆవిడ చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఈ ముసలి చెవులే లేకపోతే తను లేడు.

"లేదత్తయ్యా. మీరు సరిగ్గానే విన్నారు. నేనే తప్పు చెప్పాను."

అప్పటినుంచి ఆ ఇంట్లో బురుల్ తలుపు చాటున నిలబడితే, ఆవిడ కోసం ఒక కుర్చీ వేస్తున్నారు.