మూడు దేశాల ఊచ, ముంతెడు చిచా

ఆ గురువారం పొద్దున రైతమ్మ ఎపిఫానియా అనుకున్నది చిన్న పనే. మధ్యాహ్నం కాలవలో తన వంతు నీళ్లు వస్తాయి, సాయంత్రంలోగా మొక్కజొన్న చేను తడపాలి. పైరు పూత మీద ఉంది. ఈ వంతు తప్పితే మళ్లీ ఇరవై రోజులకు గానీ నీళ్లు రావు. అప్పటికి చేను పశువుల మేతకు తప్ప దేనికీ పనికిరాదు.

ఈ ఏడు ఆ కోచబాంబా లోయలో నీళ్ల పంపకం కృత్రిమ మేధ చేతికి పోయింది. మూడు దేశాలు కలిసి పంపాయి. చేలో పాతిన ఊచ నేల తడి చూసి చెబుతుంది. ఎక్కడో ఉన్న కంప్యూటరు ఆలోచించి కాలవ తలుపు తీస్తుంది, మూస్తుంది. రైతును అడిగే పనే లేదు!

వంతు రోజున నేలతల్లికి చిచా పోయకుండా ఆ ఊళ్లో ఎవరూ పార ముట్టరు. ఎపిఫానియా తాను కాచిన ఆ మొక్కజొన్న కల్లు ముంతెడు తెచ్చి, కొత్త చుట్టం కదా అని ఊచ మొదట్లోనే పోసింది. నిమిషంలో ఫోనులో కబురొచ్చింది: "మీ నేల పుష్కలంగా తడిసింది. మీ వంతు రద్దు. అభినందనలు."

"నీ అభినందనలు తగలెయ్య!" అంటూ ఆమె పట్నంలోని ప్రాజెక్టు ఇంజనీరు విల్మర్‌కు ఫోను చేసింది. అతను మోటారు సైకిలు మీద వచ్చి చేను చూశాడు.

"బీటలు కనిపిస్తున్నాయమ్మా. కానీ యంత్రం తడి అంటోందే!"

"నీ కళ్లు ఎవరికైనా అద్దెకిచ్చావా నాయనా?"

తిట్టినా అతిథి అతిథే. చేతిలో చిచా పెట్టింది. మొదటి గుక్క నేలది కాబట్టి విల్మర్ నిలబడ్డచోటే, అంటే ఊచ పక్కనే, ఒంపాడు. నీళ్లు పక్క చేలోకి ఎందుకు పోతున్నాయో చూద్దామని నీళ్ల పెద్ద కాసియానో వచ్చాడు. అతనూ ఒంపాడు. యంత్రం "వరద ప్రమాదం" అని ఊరి కాలవ మొత్తం మూసేసింది.

ఆ హెచ్చరిక చూసి విదేశీ నిపుణుడు మొగెన్స్ దొర మోకాళ్ల దాకా రబ్బరు బూట్లేసుకుని, దుమ్ము రేపుకుంటూ జీపులో దిగాడు. చిచా వాసన ఆయనకు పడలేదు. మర్యాద తప్పకూడదని ముంత మొత్తం నేలతల్లికే సమర్పించాడు. "చేను చెరువైంది. చేపలు పెంచుకోండి" అంది యంత్రం.

అప్పటికి ఊరంతా పారలతో వచ్చేసింది.

"కాసియానో అన్నా, ఊరు నిన్నెన్నుకుందా, ఈ ఊచనా?" అని నిలదీసింది ఎపిఫానియా.

"నన్నే."

"అయితే పద, తలుపెత్తు!"

విల్మర్ అడ్డం పడ్డాడు. "యంత్రం ఒప్పుకోకుండా ఎత్తకూడదమ్మా! రూలు!"

"అయితే వచ్చి మూసుకోమను. నేనిక్కడే ఉంటా."

పదిమంది కలిసి తలుపు ఎత్తారు. చాళ్లలోకి నీళ్లు పాకుతుంటే ఎపిఫానియాకు ఏడుపు ఆగలేదు. కోపంతో వచ్చిన ఏడుపని అందరికీ చెప్పుకుంది.

ఆదివారం ఊరి సభలో దొర ఊచను రెండడుగులు జరుపుతామన్నాడు. పెత్తనం మాత్రం యంత్రానిదేనన్నాడు. ఎపిఫానియా లేచింది.

"కాలవ పూడిక తియ్యడానికి రానివాళ్లకి నీళ్ల సంగతిలో మాట లేదు. మా తాతల నాటి కట్టు. మీ యంత్రం ఎన్నిసార్లొచ్చింది?"

"దానికి చేతుల్లేవమ్మా," అన్నాడు విల్మర్.

"నోరు మాత్రం ఉందే! దాని తరఫున ఎవరొచ్చినా సరే, తవ్వాక అది చెప్పేది వింటాం. తలుపు మాత్రం కాసియానోదే."

సభంతా చేతులెత్తింది. దొర మెల్లగా విల్మర్ వైపు చూశాడు.

సోమవారం తెల్లారగానే, మూడు దేశాల సహకారం ఒక్క పార పట్టుకుని కాలవ బురదలోకి దిగింది.