దుప్పట్ల కింద డిస్కు

వీధిలో అందరూ ఆయన్ని చెకింగ్‌గారు అనే పిలుస్తారు. బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఎవడు టిక్కెట్టు కొన్నాడు, ఎవడు కొన్నట్టు నటిస్తున్నాడు అని చూసీ చూసీ, ఆయన కళ్ళకి లోకమంతా టిక్కెట్టు లేని ప్రయాణంలాగే కనబడేది. పాలు విరిగితే పాలవాణ్ణి అనుమానించేవారు. విరక్కపోతే ఇంకా గట్టిగా అనుమానించేవారు. "పొద్దుట్నుంచి విరగలేదంటే ఇందులో పాలెక్కడున్నాయి?" అని ఆయన వాదన.

ఆయన భార్య కోర్టులో స్టెనో. బోనెక్కినవాళ్ళు చెప్పేదంతా టైపు చెయ్యడం ఆవిడ పని. అబద్ధాలు వినడం అక్కడ ఉద్యోగం, అనుమానాలు వినడం ఇంట్లో కాపురం.

ఓ సెలవు రోజున చెకింగ్‌గారు దుప్పటి కోసం బీరువా తెరిచారు. పైది తీస్తే సరిపోయేది. కానీ పైన పెట్టినది ఎప్పుడూ అసలుది కాదని ఆయన నమ్మకం. అందుకని అడుగునున్న దుప్పటి లాగారు. దాంతోపాటు తళతళలాడుతూ ఓ డిస్కు జారి కాళ్ళ మీద పడింది.

అట్ట లేదు. పేరు లేదు. తిప్పి చూస్తే ఇంద్రధనుస్సు రంగుల్లో తన మొహమే కనబడింది, అదీ అనుమానంగానే.

డిస్కు చొక్కాలో దోపుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమోయ్, బీరువాలో దుప్పట్ల కింద ఏముంటాయి?"

"దుప్పట్లు."

"వాటన్నిటి కింద?"

"చెక్క. ఏం, దానికి టిక్కెట్టు లేదా?"

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే ఎందుకు నవ్విందని అనుమానించేవారు. నవ్వలేదు కాబట్టి ఎందుకు నవ్వలేదని అనుమానించారు. ఆ మాటకొస్తే ఈమధ్య ఆవిడ వాలకమే బాగాలేదు. కళ్ళ కింద చారలు, పొద్దున్నే ఆవలింతలు. తమ్ముడితో ఫోనులో మాట్లాడుతూ, మొగుడి చెప్పుల చప్పుడు వినగానే "సరే, వచ్చారు, మళ్ళీ చెప్తా" అని పెట్టేయడం. ఇవన్నీ కలిపి చూసుకుంటే చెకింగ్‌గారి గుండె గతుకుల రోడ్డు మీద బస్సులా ఎగిరెగిరి పడింది.

భార్య కూరగాయలకి వెళ్ళగానే అటక మీంచి పాత డిస్కు ప్లేయరు దింపి, దుమ్ము ఊది, తీగలు తగిలించి డిస్కు పెట్టారు. అది లోపల గుర్రుమంటూ తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. చివరికి డిస్కు లేదని తెర మీద చూపించింది.

"ఇప్పుడేగా పెట్టాను! నీకూ ఆవిడే చెప్పిందా?" అని ప్లేయర్ని దబాయించారు.

వెన్న రాసుకుని రొట్టె తింటున్న మనిషి, చెయ్యి కడుక్కోకుండానే మరలు విప్పి పైమూత ఎత్తారు. లోపల పెసరగింజంత గాజుకన్ను ఒకటి ఆయనకేసే చూస్తోంది. తనని ఎవరైనా అలా తేరిపార చూస్తే చెకింగ్‌గారికి గిట్టదు. బొటనవేలితో గట్టిగా తుడిచారు.

ఆ తర్వాత ప్లేయరు తిరగడం కూడా మానేసింది.

సంచిలో పెట్టుకుని రిపేరు షాపుకి పరుగెత్తారు. ఆ మేస్త్రీని ఊరంతా రేపురండి అంటుంది. ఏది తీసుకెళ్ళినా ఆయన చెప్పే మొదటి మాట అదే.

"రేపు రండి."

"రేపటికి నా కాపురం ఉంటుందో లేదో!"

కాపురమనగానే మేస్త్రీకి పనిమీద ఆసక్తి పుట్టింది. మూత తీసి చూశాడు.

"లెన్సు మీద వెన్న రాశారేమిటండీ?"

"నేను కాదు," అన్నారు చెకింగ్‌గారు అలవాటు కొద్దీ.

"వేలిముద్ర కూడా ఉందండీ."

మేస్త్రీ దూదిని ఏదో మందులో ముంచి మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. చెకింగ్‌గారు ముక్కు లోపల పెట్టబోతే, అరిచినంత పనిచేశాడు. "కరెంటు పెట్టాక అందులోకి చూడకండి! దీని కింద్నించి లేజరు వెలుగొస్తుంది. కంటికి కనపడదు, కానీ కన్ను పాడుచేస్తుంది."

"కనపడకుండా ఎందుకొస్తుంది? దాపరికమేమిటి?"

"దాపరికం కాదండీ, దాని తీరే అంత. డిస్కు మీద వెంట్రుక కన్నా సన్నటి దారి ఉంటుంది. మధ్యలో మొదలై చుట్టలు చుట్టుకుంటూ అంచుకి పోతుంది. ఈ వెలుగు ఆ దారి మీద పడుతుంది. నున్నగా ఉన్నచోట తిన్నగా వెనక్కొస్తుంది, మచ్చ ఉన్నచోట సరిగ్గా రాదు. ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు, అంతే చూసుకుంటుంది. దాంతోనే పాట కడుతుంది."

"అంటే గుమ్మం దగ్గర నిలబడి, దిగేవాళ్ళలో టిక్కెట్టున్నదెవరికి, లేనిదెవరికి అని చూసినట్టు."

"అలాగే అనుకోండి."

లేజరు కూడా తమ శాఖేనని తేలాక చెకింగ్‌గారికి దానిమీద కాస్త గౌరవం కలిగింది. మేస్త్రీ కరెంటు పెట్టి చూస్తుంటే, దూరంగా పక్కనుంచి అడిగారు. "మరి ఈ గాజుకన్ను అలా ఎగిరెగిరి పడుతుందేం?"

"తిరిగేటప్పుడు డిస్కు కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. వెలుగు సూదిమొనలా సరిగ్గా ఆ దారి మీదే పడాలంటే లెన్సూ దాంతోపాటు ఊగాలి." మేస్త్రీ డిస్కుని వెలుతురులో పెట్టి చూశాడు. "ఇది కొన్న పాటల డిస్కు కాదండీ, ఎవరో ఇంట్లో ఎక్కించింది. దీనికి రంగుపూత ఉంటుంది. రాసే మిషనులో లేజరు గట్టిది, ఆ పూతని చుక్కలు చుక్కలుగా కాలుస్తుంది. ఈ రకంలో ఒకసారి కాల్చింది చెరపడానికీ మార్చడానికీ వీల్లేదు."

"మార్చడానికి వీల్లేదా?"

"వీల్లేదండీ."

"ఇదే మాట నలుగురి ముందు చెప్తావా?"

మేస్త్రీ డిస్కు పెట్టి, మూత వేసి, మీట నొక్కాడు. షాపులో అమ్మకానికి పెట్టిన పెద్ద స్పీకర్లలోంచి ఓ మోత బయల్దేరింది.

"జనరేటరా?" అన్నాడు బయట సైకిలు ఆపినాయన.

"రాళ్ళ మిల్లు," అంది ఇస్త్రీపెట్టె తెచ్చినావిడ.

మేస్త్రీ చెవి దగ్గరపెట్టి విన్నాడు. "గురకండీ. మగమనిషిది."

చెకింగ్‌గారి మొహం వాడేసిన టిక్కెట్టులా నలిగిపోయింది. మగమనిషి గురక! భార్య దుప్పట్ల కింద! అంతలో ఆ గురక వెనకాల సన్నగా టిక్, టిక్, టిక్ అని ఇంకో చప్పుడు. ఆయనకి బాగా తెలిసిన చప్పుడది. ఎన్నిసార్లు నూనె వేసినా మానని తమ పడగ్గది ఫ్యాను.

"ఆపు!" అని కేకేసి డిస్కు లాక్కున్నారు.

ఇక వేట మొదలైంది. పై వాటాలో ఉండే డ్రాయింగు మేష్టారు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆయన కిటికీకి చెవి ఆనించారు. మేష్టారిది పిల్లి గురక, లాభం లేదు. భార్య ఆఫీసులో పెద్ద గుమాస్తా భోజనమయ్యాక బల్ల మీద తలపెట్టి పడుకుంటాడని విని, కోర్టుకెళ్ళి ఆయన ముక్కు దగ్గర చెవి పెట్టారు. పెద్ద గుమాస్తా కళ్ళు తెరిచేసరికి జానెడు దూరంలో ఓ పరాయి చెవి. ఆయన పెట్టిన కేకకి పక్క హాల్లో విచారణ ఆగిపోయింది. బంట్రోతు వచ్చి చెకింగ్‌గారిని రెక్కపట్టుకుని బయటికి పంపాడు. ఎన్నో బస్సుల్లోంచి ఎందర్నో దింపేసిన మనిషికి దింపించుకోవడం అదే మొదలు.

ఆ అవమానంతో ఆయన తుది నిర్ణయానికొచ్చారు. ఆదివారం పొద్దున్నే అత్తగారినీ బావమరిదినీ కబురుపెట్టి పిలిపించారు. బావమరిది పెళ్ళిళ్ళకి వీడియోలు తీసి డిస్కుల్లో ఎక్కించి ఇస్తుంటాడు. ప్లేయరు చంకలో పెట్టుకుని, ఎందుకొచ్చిన గొడవరా అనుకుంటూ రేపురండి కూడా వచ్చాడు.

"అత్తయ్యగారూ, మీ అమ్మాయి బీరువాలో ఇది దొరికింది. మేస్త్రీ, చెప్పు. దీన్ని ఎవరైనా మార్చగలరా?"

"కాల్చాక మార్చలేరండీ."

"విన్నారుగా!"

భార్య కొంగు దోపుకుని కుర్చీ ముందుకి లాక్కుంది. కోర్టులో ఎన్నేళ్ళుగానో వింటున్న గొంతు ఒకటి ఆవిడలోంచి పలికింది.

"ఇది మీకెవరైనా ఇచ్చారా?"

"ఎవరిస్తారు? నేనే పట్టుకున్నాను, ఈ చేతులతో!"

"ఇందులో నకిలీ ఏమైనా ఉండొచ్చంటారా?"

"ఇసుమంత కూడా లేదు. లేజరు అబద్ధం చెప్పదు."

"వెనకాల వినబడే ఫ్యాను?"

"మన ఫ్యానే. ఎక్కడైనా ఒట్టు పెడతాను."

"సరే. ఆ గురకపెట్టే మనిషి గురించి మీ అభిప్రాయం?"

అసలే ఉడికిపోతున్నారేమో, చెకింగ్‌గారు లేచి నిలబడ్డారు. "వాడు మనిషా? అది ముక్కా, కొలిమితిత్తా? వాడి పక్కన ప్రాణమున్నదేదైనా నిద్రపోగలదా? వాడితో కాపురం చేసే ఇల్లాలెవరోగానీ ఆ మహాతల్లికి రెండు చేతులా దండం పెట్టాలి!"

అత్తగారు దగ్గొచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నారు. బావమరిది కిటికీలోంచి ఆకాశం చూడసాగాడు.

"దండం తర్వాత పెడుదురుగాని," అంది భార్య. "మీరు షాపులో మధ్యలో ఆపేశారట. మేస్త్రీగారూ, చివరిదాకా వెయ్యండి."

గురక మొదలైంది. గది అద్దాలు అదిరాయి. అది పెరిగి పెరిగి, ఘాట్ రోడ్డెక్కుతున్న బస్సులా మూలిగి, టక్కున ఆగింది. పెదాలు చప్పరించిన చప్పుడు. ఆ తర్వాత నిద్రమత్తులో ఓ గొంతు స్పష్టంగా అంది:

"వెనక సీటాయనా… టిక్కెట్టు తియ్యి… నిద్ర నటించకు, నాకంతా తెలుసు…"

అందరి కళ్ళూ చెకింగ్‌గారి మీదికి తిరిగాయి.

చెకింగ్‌గారు కూర్చున్నారు. మళ్ళీ లేచారు. "ఇది… ఎవడో నా గొంతుని…"

"మార్చడానికి వీల్లేదండీ," అన్నాడు మేస్త్రీ, పాపం మంచికే.

"తమ్ముడే ఎక్కించాడు, నేనే పెట్టాను," అంది భార్య. "ఎన్నిసార్లు చెప్పాను మీకు? 'గురకా? నేనా?' అనడమేగా. ఫోనులో వినిపిస్తే ఈ రోజుల్లో ఫోనులో ఏమైనా చేస్తారంటారు. నేను చేతికిస్తే నకిలీ అంటారు. మీరే పట్టుకున్నదైతే ప్రాణం పోయినా వదలరు. అందుకని దుప్పట్ల కింద పెట్టాను."

"నేను చూడకపోతే?"

"మీరు బస్సెక్కని రోజులున్నాయి గానీ, అడుగుది లాగని రోజు లేదు."

"మరి నిన్ను అనుమానిస్తానని…"

"అనుమానించకపోతే భయపడేదాన్ని, ఒంట్లో బాగాలేదేమోనని." ఆవిడ కొంగుతో కళ్ళు నులుముకుంది. "నవ్వులాట కాదండీ. మొన్న సాక్షి 'చేతిలో కత్తి చూశాను' అంటే, నేను కునికిపాట్లు పడుతూ 'చేతిలో కాఫీ' అని కొట్టాను. జడ్జీగారు అందరి ముందూ చదివారు. నిందితుడు కాఫీతో పొడిచాడట. ఇంకోసారి ఇలా జరిగితే నన్ను పాత కాగితాల గదికి మార్చేస్తామన్నారు. ఇంత కష్టపడి నేర్చుకున్న పని… నిద్రలేక పోగొట్టుకోవాలా?"

చెకింగ్‌గారికి అప్పుడు కనబడ్డాయి ఆ కళ్ళ కింది చారలు. ఇన్నాళ్ళూ వాటిని ఆధారాలుగానే చూశారు, అలసటగా చూడలేదు. లేచి వెళ్ళి ప్లేయరు తనే ఆపేశారు.

మర్నాడు ఇద్దరూ ముక్కు చెవి డాక్టరు దగ్గరికెళ్ళారు. డాక్టరు టార్చి వేసి ముక్కులోకి చాలాసేపు చూశాడు. ముక్కు దూలం వంకరగా ఉందనీ, దారిలో పెట్టొచ్చనీ చెప్పి అడిగాడు.

"గురక ఎప్పట్నుంచి?"

"నన్నడుగుతారేమిటండీ? ఆ టైములో నేను నిద్రపోతుంటాను. ఆవిణ్ణి అడగండి." అంటూ చెకింగ్‌గారు వెనక్కి తిరిగారు.

గోడ పక్క కుర్చీలో, సంచి ఒళ్ళో పెట్టుకుని, తల గోడకి ఆన్చి, ఆవిడ హాయిగా నిద్రపోతోంది.

"ఏమ్మా…" అని డాక్టరు పిలవబోయాడు.

చెకింగ్‌గారు గబుక్కున చెయ్యెత్తి ఆపారు. కుర్చీ ముందుకి జరుపుకుని, ఎవరికీ వినపడనంత చిన్నగా అన్నారు.

"లేపకండి. రాసుకోండి డాక్టరుగారూ, నేనే చెప్తాను. చాలా ఏళ్ళుగా. చాలా గట్టిగా."