సున్నా ఫిర్యాదులు

…అయితే ఎదిగేది కంపెనీయా, తనా? కంపెనీ ఎదిగితే మనిషి కూడా ఎంతో కొంత ఎదగాలి కదా, మరి పోయిన ఏడాది చొక్కా ఈ ఏడాదీ సరిగ్గానే పడుతోందేమిటి అని ఎబినేజర్ ఆలోచిస్తూ ఉండగా, వేదిక మీద మంత్రిగారు అడవిని ఉద్ధరించారు.

"వానాకాలం వచ్చేలోపల ఈ అడవిలో వెబ్‌సైట్ లేని గూడెం ఒక్కటి కూడా ఉండదు" అన్నారు మంత్రిగారు మైకులో. "ఉంటే నన్ను అడగండి."

భద్రాచలం ఫంక్షన్ హాలు చప్పట్లతో మోగింది. ఇన్నాళ్లూ తమకున్న లోటు వెబ్‌సైట్ లేకపోవడమేనని గూడేల నుంచి వచ్చినవాళ్లకు అప్పుడే తెలిసింది. పథకం పేరు డిజిటల్ గూడెం. ఆ వెబ్‌సైట్లన్నిటినీ నడిపే బాధ్యతను మన గడ్డ మీద పుట్టి, మన గోదావరి నీళ్లు తాగి పెరిగిన తీరం హోస్టింగ్ సంస్థకు అప్పగిస్తున్నట్టు కూడా మంత్రిగారు ప్రకటించారు. ఆ సంస్థ యజమాని మూడో వరుసలో కూచుని చొక్కా గురించే ఆలోచిస్తున్నాడు. పక్కనున్న అజ్మల్ మోచేత్తో పొడిచాడు.

"లే తమ్మీ. నీ పేరే. దండం పెట్టు."

ఎబినేజర్ లేచి దండం పెట్టాడు. పెడుతూనే, ఇది సంతోషమా భయమా అని లోపలికి తొంగిచూసుకున్నాడు. రెండూ కడుపులో ఒకేచోట, బస్సులో ఒకే సీటుకు టికెట్ తీసుకున్న ఇద్దరిలా ఒదిగి కూచుని ఉన్నాయి. ఎవర్ని లేపాలో తెలియక తనే కూచున్నాడు.

తీరం హోస్టింగ్ అంటే అజ్మల్ చెప్పుల దుకాణం పైన ఒక గది, ఒక కంప్యూటర్, ఒక ఇన్వర్టర్, ఎబినేజర్. వెబ్‌సైట్ పెట్టుకునేవాళ్లకు ఇంటర్నెట్‌లో జాగా కావాలి. ఆ జాగాను అతను ముంబైలో టోకున కిరాయికి తీసుకుని ఇక్కడ చిల్లరగా ఇస్తాడు. మొదటి కస్టమర్ అజ్మలే. తరవాత మణుగూరు కాలనీలో బ్యూటీపార్లర్ నడిపే ఫ్లోరెన్స్, చర్లలో ట్రాక్టర్లు బాగుచేసే కోటేష్, రెండు మూడు చర్చిలు, ఒక టెంట్ హౌస్ వచ్చి చేరాయి. వాళ్లందరికీ కలిపి 'సహాయం' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. ఎవరి సైటు ఆగిపోయినా అందులో రాసేవారు. ఎబినేజర్ భోజనం చేస్తుంటే ఫ్లోరెన్స్ జవాబిచ్చేది. ఫ్లోరెన్స్ పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తుంటే కోటేష్ ఇచ్చేవాడు. ఏ సమస్యకైనా కోటేష్ జవాబు ఒకటే: "బంద్ చేసి మళ్ల చాలు చెయ్యి." అలా ఆపి మళ్లీ మొదలుపెడితేనే సగం సమస్యలు తీరిపోయేవి. పోనుపోను వెబ్‌సైట్లతో సంబంధం లేని సంగతులు కూడా అందులోకి వచ్చాయి. చర్ల బస్సు కదిలిందా, ఏ దవాఖానాలో డాక్టరున్నాడు, రక్తం ఎవరిస్తారు.

ఎబినేజర్ అంటే సహాయపు రాయి అని చిన్నప్పుడు పాస్టరుగారు అర్థం చెప్పారు. సహాయం చేసేవాణ్నని అనుకోవడం అతనికి ఇష్టం. తనకు సహాయం కావాలని మాత్రం ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు. రాయి అడగదు కదా అని సర్దిచెప్పుకునేవాడు.

పథకాన్ని నడిపించే భారం తుల్సీరాం మీద పడింది. నిన్నటిదాకా పార్టీ మండల నాయకుడు, ఇవాళ్టి నుంచి డిజిటల్ గూడెం సమన్వయకర్త. మర్నాడే మెట్లెక్కి వచ్చాడు.

"సర్వర్ ఏది?"

"ముంబైల ఉన్నదన్నా."

"సారు రేపు కొబ్బరికాయ కొట్టాలె. ముంబై పోయి కొడ్తడా? లైట్లు వెలిగేది ఏదన్న ఉన్నదా ఈడ?"

"ఇన్వర్టర్ ఉన్నది."

"గదే సర్వర్."

మంత్రిగారు ఇన్వర్టర్‌కు బొట్టుపెట్టి దండ వేశారు. "ఇందులో ఎన్ని గూడేలు పడతాయి?" అని అడిగారు. ఎన్నన్న పడతయ్ సార్ అన్నాడు తుల్సీరాం. కొబ్బరినీళ్లు బ్యాటరీలోకి పోకుండా ఎబినేజర్ రుమాలు అడ్డం పెట్టాడు. పేపర్లో పడిన ఫోటోలో అది, యువ పారిశ్రామికవేత్త సర్వర్‌ను భక్తితో తుడుస్తున్నట్టు వచ్చింది.

వానాకాలం ఎంతో దూరం లేదు. ఊరూరూ తిరిగి ఫోటోలు తీసే వ్యవధి లేదు కనుక ఎబినేజర్ ఒక నమూనా తయారుచేశాడు. పైన 'మా గూడేనికి స్వాగతం'. కింద ఒక బడి, ఒక దవాఖానా, రెండువైపులా చెట్లున్న ఒక తారురోడ్డు. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికిన ఫోటోలు. ఇవి జాగా చూపించడానికి పెట్టినవని, అసలు ఫోటోలు రాగానే మార్చాలని తుల్సీరాంకు చెప్పాడు. తుల్సీరాం నమూనాను చాలాసేపు చూశాడు.

"మార్చుడెందుకు? మంచిగనే ఉన్నది గదా. ఊరి పేరొక్కటి మార్చుకుంట పో."

"చూద్దాం" అన్నాడు ఎబినేజర్. వద్దని చెప్పడానికి అతను వాడే మాట అది. సరే అనడానికీ అదే వాడతాడు. ఎదుటివాళ్లు తమకు కావలసింది తీసుకుపోయేవారు, అతనికి గొడవ ఉండేది కాదు.

వారం తిరిగేసరికి అడవిలోని గూడేలన్నిటికీ బడి, దవాఖానా, తారురోడ్డు వచ్చేశాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత అభివృద్ధి ఎక్కడా జరగలేదని మంత్రిగారు అన్నారు. అందులో అతిశయోక్తి లేదు.

ఆ రోడ్డు ఏ దేశానిదో ఎబినేజర్‌కు తెలియదు. దాని మీద పోతున్న లారీ మాత్రం కుడివైపున పోతోంది. ఈ సంగతి కనిపెట్టిన ఘనత ఒక అధికారికి దక్కింది. గూడేలన్నిటా వాహనాలు కుడిపక్కన నడుస్తున్నాయనీ, గిరిజనులకు ట్రాఫిక్ నియమాల మీద అవగాహన కల్పించడం అత్యవసరమనీ ఆయన పైకి రాశాడు. సదస్సు మంజూరైంది. అధికారులు జీపుల్లో బయలుదేరి, గూడేలకు రోడ్డు లేకపోవడంతో వెనక్కి వచ్చి, సదస్సును భద్రాచలంలోనే దిగ్విజయంగా జరిపారు.

కస్టమర్లు పెరిగారు కనుక కమ్యూనిటీ కూడా పెరగాలన్నాడు తుల్సీరాం. గూడేల్లో ఫోన్ ఉన్న ప్రతి మనిషినీ సహాయం గ్రూపులో చేర్పించాడు. సహాయం అనే పేరు చూసి వాళ్లు నిజమే అనుకున్నారు.

"మా వెబ్‌సైట్‌ల బడి ఉన్నది. ఊళ్లె లేదు. పిల్లగాండ్లను దేంట్లకు తోలాలె?" అని ఒకరు రాశారు.

"మా దవాఖానాల డాక్టరు ఎప్పుడొస్తడు?" అని ఇంకొకరు.

కోటేష్ అలవాటు కొద్దీ "బంద్ చేసి మళ్ల చాలు చెయ్యండి" అని జవాబిచ్చాడు. ఏది బంద్ చేయాలె అని నలుగురు అడిగారు.

సాయంత్రానికి తుల్సీరాం వచ్చేశాడు.

"ఏంది గిది? కస్టమర్ కమ్యూనిటీ అంటే కస్టమర్లు మాట్లాడుడా?"

"సమస్యలు చెప్పుకునే గ్రూపన్నా అది."

"సప్పుడు లేకుంట ఉంటేనే కమ్యూనిటీ. మాట్లాడితే సంత. దీనికి తాళం ఏడుంటదో చూపెట్టు."

ఎబినేజరే చూపించాడు. సందేశాలు ఎవరు పంపవచ్చు అన్నచోట 'అందరూ' అని ఉంది. దాన్ని 'అడ్మిన్లు మాత్రమే' అని మార్చాడు. అడ్మిన్లు ఇద్దరు, ఎబినేజర్, తుల్సీరాం.

"యాదికుంచుకో తమ్ముడూ. గ్రూపు తెరిచినవంటే నీ కాంట్రాక్టు మూసినట్టే."

ఆ నెల ఫిర్యాదులు సున్నా. తరవాతి నెలా సున్నా. గ్రూపులో పొద్దున్నే తుల్సీరాం పెట్టే గులాబీపువ్వు, దాని మధ్యన మంత్రిగారి ముఖం తప్ప మరేమీ ఉండేది కాదు. ఎబినేజర్‌కు మొదట్లో ఆ నిశ్శబ్దం హాయిగా ఉంది. తరవాత, అందరూ ఊరికెళ్లిన ఇంట్లో నల్లా చుక్కచుక్కగా కారడం వినబడ్డట్టు, తన ఆలోచనలే వినబడసాగాయి. వాటిలో కొత్త విషయమేమీ లేదు.

"గ్రూపుల సప్పుడే లేదేంది తమ్మీ" అన్నాడు అజ్మల్ ఒకరోజు. "నా ఫోనే ఖరాబైందనుకొని రెండుసార్లు బంద్ చేసి చాలు చేసిన."

తొలివానలు పడ్డాక పూలి అనే ఆమె ఆ గదికి వచ్చింది. చెప్పులు కింద అజ్మల్ దుకాణం ముందు విడిచి, తడికాళ్లతో గడప దగ్గరే నిలబడింది.

"నిమ్మలవాగు మాది. చర్ల అవతల. మా ఊరి రోడ్డు నీ తాన ఉన్నదంట గదా సారూ. చూసి పోదామని వచ్చిన."

ఎబినేజర్ కంప్యూటర్‌ను ఆమె వైపు తిప్పాడు. ఆమె వంగి చూసింది.

"మంచిగున్నది" అంది. "చెట్లు గూడ పెట్టిన్రు."

"అది… ఫోటో అమ్మా."

"ఎరికే. ఆఫీసుల అడిగితే, మీ ఊరికి రోడ్డున్నది, ఉన్న ఊరికి మళ్ల ఎట్ల ఇస్తం అన్నరు. పోయినేడు లిస్టుల మా పేరుండె. ఇప్పుడు కొట్టేసిన్రు. నా కోడలికి నెలలు నిండినయ్ సారూ. వాగొచ్చిందంటే మంచం మీద మోసుకొచ్చేటందుకు గూడ తొవ్వ ఉండది. నీ రోడ్డు నువ్వు తీసేసుకో. మా వాగు మాకు ఉండని."

తీసేయడం ఎంత పని? ఒక నొక్కు. ఆ నొక్కుకు చేయి ఎందుకు లేవడం లేదో ఎబినేజర్ శ్రద్ధగా పరిశీలించాడు. భయం అనుకోవడం కంటే బాధ్యత అనుకుంటే గౌరవంగా ఉంటుందని తేలింది.

"చూద్దాం" అన్నాడు.

పూలి ఆ మాటను సరే అనుకుంది. ఊళ్లో సిగ్నల్ లేదని, గుట్ట ఎక్కితే వస్తుందని చెప్పి, అతని నంబరు రాయించుకుని వెళ్లింది.

ఎబినేజర్ తుల్సీరాంకు ఫోన్ చేశాడు.

"ఉన్న రోడ్డు ఎట్ల తీస్తవ్? ఎవడో ఎత్తుకపోయిండని రాయాల్నా?"

"అది ఉన్న రోడ్డు కాదన్నా, ఫోటో."

"సారు ఓపెనింగ్ చేసిన రోడ్డు. అది పోవాలంటే కొట్టుకపోవాలె. తొందరపడకు, వాన పడని. కొట్టుకపోయినట్టు నేను రాస్త, మా బామ్మర్ది రిపేరు చేస్తడు. రిపేరైన రోడ్డు ఫోటో గూడ నువ్వే పెడ్దువు. ఈసారి లారీ ఎడమదిక్కు పోయేది చూడు."

వాన పడింది. అదే రోజు భద్రాచలం మైదానంలో షామియానా కింద సన్మానసభ. ఇంతమంది కస్టమర్లున్నా ఒక్క ఫిర్యాదూ లేని కమ్యూనిటీని పెంచినందుకు ఎబినేజర్‌కు ఉత్తమ డిజిటల్ సేవా పురస్కారం. వేదిక వెనక పెద్ద తెర మీద, సందేహమున్నవాళ్లు చూసుకునేందుకు, సహాయం గ్రూపునే ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. తెర నిండా గులాబీపువ్వు.

ఎబినేజర్ ముందు వరుసలో కూచున్నాడు. జేబులో ఫోన్ మోగింది. గాలి హోరులో పూలి గొంతు.

"కోడలికి నొప్పులొస్తున్నయ్ సారూ. ఆంబులెన్స్ వచ్చి వాగు అవతల నిలబడ్డది. నీళ్లు ఇంకా మోకాళ్లకాడనే ఉన్నయ్, ట్రాక్టర్ దాటుతది. జరసేపైతే అదీ దాటది. నీకు ఎరుకైనోళ్లు ఎవలన్న ఉన్నరా?"

కోటేష్‌కు ఫోన్ చేశాడు.

"నా ట్రాక్టర్లు రెండూ మీటింగ్‌కు జనాన్ని ఏసుకొని వచ్చినయన్నా. నేను గూడ ఈడనే ఉన్న. వెనక్కి చూడు."

చివరి వరుసలో కోటేష్ చెయ్యి ఊపాడు.

"చర్ల దిక్కు ఇంకెవరి తాన ఉన్నది?"

"నాకేం తెల్సు? గ్రూపుల అడుగు. ఎవరో ఒకరు చెప్తరు."

వేదిక మీద మంత్రిగారు మాట్లాడుతున్నారు. నిమ్మలవాగు రోడ్డు ఈ ఉదయపు వానకు కొట్టుకుపోయిందని తెలిసి తన హృదయం ద్రవించిందనీ, ఈ క్షణమే మరమ్మతులకు ఆదేశిస్తున్నాననీ ప్రకటించారు. చప్పట్ల మధ్య ఎబినేజర్ టైపు చేశాడు. "నిమ్మలవాగులో కాన్పు. వాగు దాటించడానికి ట్రాక్టర్ కావాలి. చర్ల వైపు ఎవరి దగ్గరైనా ఉందా?" కాసేపు ఆగి, ఇంకో మాట చేర్చాడు. "నాకు సహాయం కావాలి."

మంత్రిగారి తల వెనక, గులాబీపువ్వు కింద ఆ మాటలు పెద్ద అక్షరాల్లో పడ్డాయి. మంత్రిగారు జనం వైపు తిరిగి ఉన్నారు కాబట్టి చూడలేదు. జనం చూశారు. ఫోన్లలో చదివినవాళ్ల లెక్క పెరుగుతూ పోయింది. ఒక్క జవాబు రాలేదు.

తుల్సీరాం వంగి నడుస్తూ వచ్చి అతని చెవిలో అన్నాడు. "ఏం రాతలు తమ్ముడూ అవి? తీసెయ్. కాని చూసినవా, ఇంతమంది సదివిన్రు, ఒక్కడు నోరు మెదపలె. గిది క్రమశిక్షణ అంటే."

గ్రూపుకు వేసిన తాళం అప్పుడు గుర్తొచ్చింది ఎబినేజర్‌కు. వెనక్కి తిరిగాడు. చివరి వరుసలో కోటేష్ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఏదో నొక్కుతున్నాడు, అది పోవడం లేదు. మధ్య వరుసలో అజ్మల్ తన ఫోన్ బంద్ చేసి మళ్లీ చాలు చేస్తున్నాడు.

"ఈ మహాకుటుంబపు పెద్దను, సున్నా ఫిర్యాదుల వీరుణ్ని, వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను" అన్నారు మంత్రిగారు. ఎవరో దండ అందించారు. మంత్రిగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"లే" అన్నాడు తుల్సీరాం. "సారు నిలబడి ఉన్నడు."

చూద్దాం అనబోయి ఎబినేజర్ ఆ మాటను మింగేశాడు. గ్రూపు సెట్టింగులు తెరిచాడు. సందేశాలు ఎవరు పంపవచ్చు అన్నచోటికి వెళ్లాడు. తుల్సీరాం చెయ్యి తన మణికట్టు మీద పడేలోపల, 'అందరూ' అన్న మాట మీద వేలు పెట్టి నొక్కాడు.