ఆరడుగుల ఆకుపచ్చ పుస్తకాలు

హిందూపురం ప్రజలకు పుస్తకాలంటే ఆసక్తి లేదన్న అపవాదు పోయిన ఏడాది శ్రావణ మాసంలో శాశ్వతంగా తొలగిపోయింది. ‘పుస్తక సామ్రాజ్యం’ వారి పదిహేడో శాఖ మా ఊళ్లో మూడంతస్తుల అద్దాల మేడలో ప్రారంభమైంది. మొదటి రోజు కొన్నవారికి స్టీలు డబ్బా ఉచితం. డబ్బాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. పుస్తకాలు మాత్రం సమృద్ధిగా మిగిలాయి.

యాజమాన్యం ఎంతో దూరదృష్టితో అమ్మకపు సిబ్బందిని ధర్మవరం పట్టుచీరల దుకాణాల నుంచి రప్పించింది. చదువుకునేవాళ్లను పెట్టుకుంటే చదువుతూ కూర్చుంటారని, చీర అమ్మినవాడు ఏదైనా అమ్ముతాడని మేనేజరు క్రాంతి కుమార్ గారు ప్రారంభోపన్యాసంలో సెలవిచ్చారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు.

మేము వెళ్లింది కొత్త ఇంటి హాలు కోసం. టీవీ పక్కన ఆరడుగుల అల్మరా ఖాళీగా ఉంది. వచ్చినవాళ్లు ఆ ఖాళీ చూసి మమ్మల్ని చదువురానివాళ్లనుకుంటారని మా ఆవిడ ధనలక్ష్మికి ఒకటే బెంగ. చెప్పులు విప్పి తెల్లటి పరుపు మీద కూర్చున్నాం. వీరేష్ అనే సేల్స్‌మన్ కూల్‌డ్రింకు తెప్పించాడు.

“రోజువారీకా అక్కా, ఫంక్షన్లకా?”

“హాల్లోకప్పా. కర్టెన్లు ఆకుపచ్చ. దానికి మ్యాచింగు చూపీ.”

వీరేష్ దబదబా ముప్పై పుస్తకాలు పరిచాడు. ఒకదాన్ని భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరిగాడు. “అంచు చూడక్కా. ఈ డిజైను ఊర్లో ఇంకొకరికాడ ఉండదు.” ధనలక్ష్మి దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో రంగు సరిచూసుకుంది. తడివేలితో రుద్ది రంగు వదలదని నిర్ధారించుకుంది. ఆ తర్వాత టేపు పెట్టి ఆరడుగులు కొలిపించాం. బావుల తవ్వకం మీద ఒకటి, పసిపిల్లల పెంపకం మీద మూడు, నిఘంటువులో రెండో సంపుటం మాత్రమే. మొదటిది నీలం రంగట. అన్నింటికీ ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి, వాటిని విప్పితే దుమ్ము పడుతుందని వీరేష్ ప్రేమగా హెచ్చరించాడు.

బిల్లు అయిన రెండు నిమిషాలకు ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి యల్లక్క అనే ఆమె వచ్చింది. భుజాన గొంగడి, వేళ్లకు పసుపు.

“గొర్రెల జబ్బుల పుస్తకం యాడుండాదప్పా?”

“ఏ కలరు కావాలమ్మా?” అన్నాడు వీరేష్.

“కలరేం జేసుకుంటా? నలబై గొర్రెలు కుంటుతాండాయి. గిట్టల్లో పుండ్లు. మైలుతుత్తం నీళ్లల్లో కాళ్లు ముంచమని డాక్టరప్ప చెప్పినాడు. ఎంత కలపల్లో గూడా చెప్పినాడు, నేనే మర్చిపోతి. ఎక్కువైతే కాళ్లు కాలుతాయంట. ఆయప్ప ఫోను ఎత్తడంల్యా. ఆ పుస్తకంలో ఉండాదంట. ఇంగ రెండు దినాలు పోతే మంద మిగలదు నాయనా!”

కంప్యూటరు చూశారు. ఒకే ఒక్క ప్రతి. రంగు ఆకుపచ్చ. ఇప్పుడే అమ్ముడైంది. అందరూ నా కట్ట వైపు చూశారు.

“నీకెన్ని గొర్రెలుండాయప్పా?” అని అడిగింది యల్లక్క.

“ఒక్కటీ లేదు.”

“అట్లయితే నాకియ్యి. దుడ్లు ఇస్తా.”

ఇచ్చేవాడినే. కానీ ఆరడుగుల్లో రెండు వేళ్ల సందు పడుతుంది. “చీరలో నడుమ నాలుగు పోగులు పీకిస్తారా సార్?” అని వీరేష్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పోనీ ఈడే చూసుకుని ఇచ్చేస్తానంది ఆమె. అప్పుడు క్రాంతి కుమార్ గారు స్వయంగా మెట్లు దిగి వచ్చారు.

“అమ్మా, మా పదహారు శాఖల చరిత్రలో దుకాణంలో పుస్తకం చదివిన కస్టమరు లేడు. ఆ కీర్తికి హిందూపురంలో మచ్చ రానివ్వను.”

మరుసటి రోజు పొద్దున్నే యల్లక్క మా ఇంటి ముందుంది. వీరేష్ అడ్రసు, ఫోను నంబరు చెప్పాడట. నేను వద్దనేలోపే అల్మరా దగ్గరికి పోయి, కవరు పళ్లతో చించి, పసుపు వేలితో పేజీలు తిప్పింది. ఎనభై ఏడో పేజీలో కొలత దొరికింది. కూడబలుక్కుంటూ రెండుసార్లు పైకి చదివింది. “బతికిపోతినప్పా!” అని ఏడ్చేసి బస్సుకు పరుగెత్తింది. నాకూ ఏడుపొచ్చింది, చిరిగిన కవరు చూసి.

గొర్రెలన్నీ నడుస్తున్నాయని వారానికి ఫోను చేసింది. సంతోషమే, కానీ కవరు మాట ఎత్తలేదు.

ఆ తర్వాత మా ఇంటికి లెక్చరరు సురేంద్ర వచ్చాడు. చిరిగిన కవరు చూశాడు. పుస్తకం తీసి ఎనభై ఏడో పేజీ మీద పసుపు వేలిముద్ర చూశాడు. “అన్నా! నువ్వు చదువుతావా?” అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఈ శ్రావణంలో దుకాణం వార్షికోత్సవ సభలో నాకు ‘ఉత్తమ పాఠకుడు’ బిరుదిచ్చి శాలువా కప్పారు. వీరేష్ చూసి తెచ్చాడు కాబట్టి కర్టెన్లకు మ్యాచింగే. పుస్తకం గురించి రెండు మాటలు చెప్పమన్నారు. “ఈ గ్రంథం నన్ను సమూలంగా మార్చివేసింది” అన్నాను. చప్పట్లు మారుమోగాయి.

అవి ఆగాక, సొంతానికి ఒక ప్రతి కొందామని ఆ రోజే వచ్చిన యల్లక్క వెనక నుంచి లేచింది.

“ఏమప్పా, మైలుతుత్తం ఎంత కలపల్ల?”

నేను శాలువా సర్దుకున్నాను. పరువు పోయిందనే అనుకున్నాను. అంతలో మూడో వరుస నుంచి ఎవరో, “కూర్చోమ్మా! చదువుకున్నోళ్లు మాట్లాడుతాంటే నీదేంది నడుమ?” అని గట్టిగా కసిరి నన్ను కాపాడారు.

ఆ కసిరింది మీరే. వేదిక మీద నుంచి స్పష్టంగా చూశాను. మీ ఒళ్లో నాలుగడుగుల నీలం పుస్తకాల కట్ట కూడా ఉంది.