విమానాల మైదానంలో జమ్లీ బర్రె

ఆకాశం నుంచి దిగే ప్రతి యంత్రానికీ నేల మీద నడిచే ప్రతి ప్రాణీ దారి ఇచ్చి తీరాలని 1949లో సర్కారు నిర్ణయించింది. (ప్రాణులను అడగలేదు. మనుషులనే అడగని సర్కారు బర్రెలను అడుగుతుందా?)

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బాట పక్కన చిన్న విమానాలు దిగడానికి చదునైన నేల కావలసివచ్చింది. ఇంజనీరు బల్లపరుపుగా ఉన్న జాగా ఒకటి చూసి మురిసిపోయాడు. అది తండా పసులు మేతకు పోయే తోవ. తాతలనాటి నుంచి వాటి గిట్టలు తొక్కి తొక్కి చదును చేసిన నేల. మర్నాటి నుంచి ఆ పసులే ‘అపాయకర జంతువులు’ అయ్యాయి. వాటి కోసం ఒక దఫ్తరు, దఫ్తరుకు దామోదర్ అనే దారోగా పుట్టుకొచ్చారు. (నిజాము కింద కూడా ఈయన దారోగానే. టోపీ మారింది, కుర్చీ అదే.)

విమానం రెండు నెలలకొకసారి వచ్చేది. తండాలో ఉండే జమ్లీ అనే ఆమె బర్రె రోజుకు రెండుసార్లు వచ్చేది. ఎవరు ఎవరికి అడ్డమో తేల్చడం దఫ్తరు పని కాదు. ఒకనాడు బర్రెను పట్టి బందెల దొడ్డికి తోలుతుంటే జమ్లీ అడ్డం ఉరికింది. దామోదర్ మైదానంలో కనిపించిన జంతువుల పట్టీ శ్రద్ధగా రాశాడు: బర్రె ఒకటి, నక్కలు రెండు, జమ్లీ ఒకటి.

“బోర్డు పెట్టినం గద, ఎందుకు రానిచ్చినవ్?”

“నాకు సదువు రాదు దొరా. బర్రెకేమన్న వస్తదేమోనని బోర్డు ముంగట నిలబెట్టిన. అది ఈపు గోక్కున్నది.”

“దరఖాస్తు పెట్టుకో. మిర్యాలగూడల దాని మీద మొహరు ముద్ర పడాలె. పదిహేను దినాలల్ల పడకపోతే బర్రె వేలం.”

“ఇంటికాడ దుడ్డె ఉన్నది దొరా. పాలకు మొత్తుకుంటున్నది.”

“దుడ్డె మా దఫ్తరు కిందికి రాదు.”

జమ్లీ రోజూ దుడ్డెను భుజాన వేసుకుని బందెల దొడ్డికి మోసింది. కావలి లాజరు అటు తిరిగి చుట్ట కాల్చుకునేవాడు. (చట్టంలో చుట్టకు అడ్డు లేదు.) ఆ కాసేపట్లోనే దుడ్డె కడుపు నిండాలి. ఆమె పెట్టుకున్న దరఖాస్తు మీద మొహరు మాత్రం పడలేదు.

ఈలోపు మిగతా పసులు కూడా రాకుండా మైదానం చుట్టూ తీగల కంచె వేశారు. పద్నాలుగో నాడు, జంతువులు లేని మైదానాన్ని కళ్లారా చూసి మెచ్చుకోవడానికి పై అధికారి విమానంలో వచ్చాడు. వానలకు నడుమెత్తు గడ్డి పెరిగి ఉంది. మేసేవాళ్లు దొడ్డిలో ఉన్నారు. విమానం మూడుసార్లు చుట్టు తిరిగి, నేల కనబడక వెనక్కి పోయింది. సాయంత్రం తంతి వచ్చింది: ‘మైదానం ఎక్కడ?’

దామోదర్ తండాకు పరుగెత్తాడు.

“జమ్లీబాయీ, నీ బర్రె గడ్డి మంచిగ మేస్తదా?”

“మేస్తది దొరా. గని దరఖాస్తు పెట్టుకోవాలె.”

“జర పరేషాన్ చెయ్యకు.”

ఆ పూటే హుకుం పుట్టింది: మేస్తున్నంతసేపు బర్రె అపాయకరం కాదు. మొహరు లేకుండానే దొడ్డి తలుపు తెరుచుకుంది. దుడ్డెతో సహా బర్రె సర్కారు పనిలో చేరింది.

మర్నాడు జమ్లీ పాలచెంబుతో బర్రె వెంట పోతే, ఇప్పుడు మైదానానికి కావలి ఉన్న లాజరు కర్ర అడ్డం పెట్టాడు.

“జంతువుల పట్టీల బర్రె పేరు కొట్టేసిన్రు అక్కా. నీ పేరు అట్లనే ఉన్నది.”

జమ్లీ కంచె బయటే నిలబడి పిలిచింది. బర్రె మేత వదిలి వచ్చింది. తీగల సందులోంచి చేతులు పెట్టి ఆమె పాలు పిండుకుంది.

దామోదర్ ఆ రోజు నివేదిక పంపాడు: ‘మైదానంలో అపాయకర జంతువులు లేవు. కంచె బయట ఒకటి నిలబడి ఉన్నది.’